కాగితాల్లో లేనివాళ్ళు

చికాగో, 14 మార్చి 2012

ఫిదెన్సియో మావయ్యకి,

మీకు ఫోన్ చేద్దామంటే భయం. ముప్పై ఏళ్ళుగా ఆ లౌడ్‌స్పీకర్ కింద కూర్చుని ఊరందరికీ కబుర్లు చాటించి చాటించి చెవులు పోగొట్టుకున్నారు. మొన్న క్రిస్మస్‌కి నేను "బాగున్నారా మావయ్యా" అంటే మీరు "రెండు కిలోలు చాలు" అన్నారు. అందుకే ఈ ఉత్తరం రాసి, పార్సిళ్ళ వ్యాను నడిపే లూచా చేతికిస్తున్నాను.

అమ్మ నాతో మాట్లాడి నాలుగు రోజులైంది. ఫ్రిజ్ మీద చీటీలు అంటిస్తోంది. నిన్నటి చీటీ: "చిక్కుళ్ళు ఉడికించాను. నువ్వు నా కూతురివి కావు. తిన్నాక గిన్నె మీద మూత పెట్టు."

జరిగింది ఇది. మేం పన్నెండు మందిమి ఒక సంఘంగా ఉన్నాం. వారానికో గంట రేడియోలో మాట్లాడతాం, పోస్టర్లు అచ్చు వేస్తాం, అట్టలతో పెద్ద పెద్ద బొమ్మలు కట్టి వీధుల్లో ఊరేగిస్తాం. చిన్నప్పుడే సరిహద్దు దాటి ఇక్కడికి వచ్చి పెరిగినవాళ్ళం. ఈ దేశంలో ఉండటానికి ఎవరి దగ్గరా కాగితాలు లేవు. ఇన్నాళ్ళూ ఆ మాట బయటికి పొక్కకుండా బతికాం. శనివారం మాత్రం కూడలిలో వేదిక కట్టి, ఒక్కొక్కరం ఎక్కి పూర్తి పేరు చెప్పి, "నాకు కాగితాలు లేవు, నాకు భయం లేదు" అన్నాం. "నీడలోంచి బయటికి" అని ఆ సభ పేరు. నా కాళ్ళు ఎంత వణికాయంటే, చెక్క వేదిక కదా, ఆ దడదడ మైకులోంచి వినబడింది. జనం డోలు అనుకుని చప్పట్లు కలిపారు.

అమ్మ సంగతి నాకు తెలియక కాదు. పదిహేనేళ్ళుగా ఎవరైనా తలుపు తడితే టీవీ కట్టేసి ఊపిరి బిగబట్టే మనిషి. నేనేమో కెమెరాల ముందు ఇంటిపేరుతో సహా చెప్పేశాను. మీరు అన్నగారు, మీ మాట వింటుంది. ఒక మంచి ముక్క రాయండి. ఇంకోటి, నేను పట్టుకుంటే మైకు కీచుమంటుంది. మీది ఎందుకు అనదు?

మీ యారెలి

* * *

శాన్ హెరోనిమో అయోతెపెక్, 2 ఏప్రిల్ 2012

చిరంజీవి యారెలిని ఆశీర్వదించి మీ మావయ్య రాయడమేమంటే,

ముందు వృత్తి సంగతి. మైకుని జానెడు దూరంలో పట్టుకో. ఊపిరి పక్కకి వదులు. ప్రతి ముక్కా రెండుసార్లు చెప్పు. మొదటిసారి జనం ఎవరు మాట్లాడుతున్నారా అని వింటారు. రెండోసారే ఏం మాట్లాడుతున్నారో వింటారు.

నీ ఉత్తరం చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆదివారం పొద్దున్నే, ఎలోదియా ఇంట్లో పంది కోశారన్న ప్రకటనకీ, ఎవరిదో టర్కీ కోడి తప్పిపోయిందన్న ప్రకటనకీ మధ్యలో, ఆ ఉత్తరాన్ని ఊరికంతా ఆసాంతం చదివి వినిపించాను. రెండుసార్లు.

నువ్వు ఇన్నేళ్ళూ నీడపట్టున ఉండి ఒక్కసారిగా ఎండలోకి వచ్చావని మన ఆడవాళ్ళు కంగారుపడ్డారు. తలనొప్పి రాకుండా ఈ వ్యానులో తాటాకు టోపీ పంపిస్తున్నారు. పెట్టుకో.

కాగితాలు పోగొట్టుకోవడం మాత్రం నాకు నచ్చలేదు. తప్పు నీది కాదు, మీ అమ్మ అంపారోది. చిన్నప్పుడు బడి వాళ్ళిచ్చిన మార్కుల పత్రంలో తమాలె కుడుములు చుట్టి పొలానికి పంపిన ఘనురాలు. సరే, యారెలి కాగితాలు ఎవరి దగ్గరున్నా తెచ్చివ్వమని చాటించాను. వచ్చినవి ఇవి. నీ టీకాల కార్డు. పద్యం చెప్పినందుకు మూడో బహుమతి పత్రం (పోటీలో ముగ్గురే ఉన్నారని టీచరమ్మ పనిగట్టుకుని గుర్తుచేసింది). జాతరలో నీకిచ్చిన మేకపిల్లకి పశువుల డాక్టరు రాసిన చీటీ. అందులో "యజమాని: యారెలి టెకువాన్వే" అని స్పష్టంగా ఉంది. మన ఇంటిపేరుని తప్పు లేకుండా రాసిన అధికారి ఈ జిల్లా మొత్తానికి ఆయనొక్కడే. అన్నీ పంపుతున్నాను. ఇక మిగిలింది పుట్టిన సర్టిఫికెట్టు. అదీ తెస్తాను. చెల్లెలితో చెప్పు, పిల్లని కోప్పడవద్దని.

ఫిదెన్సియో టెకువాన్వే,
అయోతెపెక్ గొంతు

* * *

చికాగో, 22 ఏప్రిల్ 2012

మావయ్యా,

మీరు చదివిన అరగంటకి ఇక్కడ ఇరవై ఆరో వీధిలో మన ఊరి రొట్టెల దుకాణం ఆవిడ అమ్మని ఆపి, టోపీ వచ్చిందా అని అడిగింది. అమ్మ ఆ రోజు మూడు చీటీలు అంటించింది. ఒకటి మీ మీద.

నేను కాగితాలు పోగొట్టుకోలేదు. ఆ కాగితాలు నాకు ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. ఈ దేశం ఇవ్వాలి, ఇవ్వదు. అయోతెపెక్‌లో ఎన్ని డబ్బాలు వెతికినా అవి దొరకవు. దయచేసి ఇది చాటించకండి.

కానీ మేకపిల్ల చీటీ సంగతి చెప్పాలి. మా సంఘం గ్రంథాలయం నేలమాళిగలో ఒక ప్రదర్శన పెట్టింది. ఒక్కొక్కరం మా దగ్గరున్న కాగితాలు ఏవైనా ఫ్రేము కట్టి గోడకి తగిలించాం. నేను ఆ చీటీ పెట్టాను. జనం దాని ముందే ఎక్కువసేపు నిలబడ్డారు. ఒక పెద్దాయన, బస్సు డ్రైవరట, చదివి చదివి, "అంటే మేకకి సర్టిఫికెట్ ఉంది, పిల్లకి లేదన్నమాట" అని వెళ్ళిపోయాడు. నేను రెండు నెలలుగా రేడియోలో చెప్పడానికి తంటాలు పడుతున్న సంగతి అదే.

మా బొమ్మ మాత్రం పరువు తీసింది. మా ఓస్వాల్దో పన్నెండడుగుల గుమాస్తా బొమ్మ చేశాడు, పొట్టంతా సొరుగులు. దాన్ని మెట్రో రైల్లో తీసుకెళ్తుంటే తల తలుపులో ఇరుక్కుంది. రైలు ఆగిపోయింది. పోలీసులు వచ్చారు. పన్నెండు మంది భయం లేనివాళ్ళం ఒక్కసారిగా రాళ్ళయిపోయాం. వాళ్ళు మా పేర్లు అడగలేదు. ఇద్దరు చెరో చెవీ పట్టుకుని తల బయటికి లాగి, బాగా చేశారని మెచ్చుకుని వెళ్ళిపోయారు. మాకు మాట రావడానికి మూడు స్టేషన్లు పట్టింది.

యారెలి

* * *

అయోతెపెక్, 3 జూన్ 2012

అమ్మడూ,

నువ్వు చాటించవద్దన్నావు, చాటించలేదు. అడిగినవాళ్ళకి మాత్రం చెప్పాను. అందరూ అడిగారు.

నీ సర్టిఫికెట్టు కోసం మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ రిజిస్టర్లు చూసేది రుతీలియో, ఇరవై ఏళ్ళుగా మధ్యాహ్నాలు నాతో డామినో ఆడే మనిషి. నువ్వు ఆ పుస్తకంలో భద్రంగా ఉన్నావు, ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది, అంతే. దాన్ని సరిచేయించడానికి ఇంటి పెద్ద సంతకం పెట్టాలి. పెడతానన్నాను. ఆయన నా పేజీ తీసి చాలాసేపు చూశాడు.

"నువ్వు సంతకం పెట్టడానికి లేదయ్యా," అన్నాడు. "చనిపోయి పంతొమ్మిదేళ్ళయింది."

నేను వినబడక అనుకుని మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పాడు. నా చెవి తప్పు కాదు. మా నాన్న పేరూ ఫిదెన్సియోయే కదా. ఆయన పోయినప్పుడు అప్పటి గుమాస్తా మరణ ముద్రని నా పేజీ మీద వేశాడు.

"మరి మా నాన్న?"

"ఆయన నిక్షేపంగా ఉన్నారు. నూట నాలుగేళ్ళు. ఆయన్ని ఒకసారి రమ్మను, అయిదు నిమిషాల పని."

నిన్న నాతో ఆడి ఓడిపోయావు కదా, అప్పుడు ఎదురుగా కూర్చున్నది ఎవరు అని అడిగాను. ఆటలో నువ్వు ఉన్నావు, పుస్తకంలో లేవు అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే బాధపడుతూ అన్నాడు. తప్పు సరిచేయమని అర్జీ పెట్టుకోవచ్చట. అయితే ఆ అర్జీ చనిపోయిన మనిషి పెట్టకూడదట.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. మీ అమ్మకి చెప్పకు.

మీ మావయ్య

* * *

చికాగో, 24 జూన్ 2012

మావయ్యా,

అమ్మకి చెప్పలేదు. ఇప్పుడు నేను రాసేది జాగ్రత్తగా చదవండి.

పదిహేనో తారీఖున ప్రభుత్వం కొత్త నియమం ప్రకటించింది. పిల్లలుగా వచ్చి ఇక్కడే చదువుకున్నవాళ్ళని రెండేళ్ళ పాటు పంపించేయరు, పని చేసుకోవడానికి అనుమతి ఇస్తారు. అర్జీ పెట్టుకోవాలి. మేం రేడియో గదిలో ఆ వార్త విని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఏడ్చాం. మైకు కట్టేయడం మరిచిపోయాం. వినేవాళ్ళు ఎవరో చనిపోయారనుకుని ఫోన్లు చేశారు.

అర్జీకి పుట్టిన సర్టిఫికెట్టు కావాలి. అమ్మ తెచ్చిన కాపీ సంచీతో పాటు, సరిహద్దు దాటేటప్పుడు ఎడారిలోనే పోయింది. మన దేశపు కాన్సులేట్‌లో అడిగితే మీ ఊరి రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కలేదు, అక్కడే తెచ్చుకోమన్నారు. అంటే ఇప్పుడు నా బతుకు మీరు బతికి ఉండటం మీద ఆధారపడింది.

కాగితాలు లేకుండా ఎలా బతకాలో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. ఒంటరిగా ఆఫీసుకి వెళ్ళకండి. దాచుకోకండి. అందరి ముందూ నిలబడి మీ పేరు మీరే చెప్పండి. బొమ్మో, పాటో, ఏదో ఒకటి ఉండాలి, ఉత్త మాటకి జనం ఆగరు. ఎవరైనా ఫొటో తీసేలా చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళు నవ్వితే మీరూ నవ్వండి, కానీ వెళ్ళిపోకండి.

ఇన్నాళ్ళూ మీరు నాకు సలహాలిచ్చేవారు. తిరగబడింది చూశారా.

యారెలి

* * *

అయోతెపెక్, 19 ఆగస్టు 2012

అమ్మడూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. సంతరోజున అరటిపళ్ళ పెట్టె ఎక్కి, నేను ఫిదెన్సియో టెకువాన్వేని, నాకు కాగితాలు లేవు, నాకు భయం లేదు, నేను బతికే ఉన్నాను అన్నాను. రెండుసార్లు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేను బతికి ఉన్న సంగతి వాళ్ళకి తెలుసు, అదే వచ్చిన చిక్కు. ఎలోదియా పక్కకి పిలిచి, ఇవాళ బోటీ ఉందని కూడా చెప్పెయ్యమంది. చెప్పాను.

దాంతో ఉన్నదీ పోయింది. చనిపోయిన మనిషి పేరు మీద లౌడ్‌స్పీకర్ అనుమతి ఎలా నడుస్తుందని పై ఆఫీసు నుంచి రుతీలియోకి కాగితం వచ్చింది. రెండు వారాలుగా నా మైకు మూగబోయింది. ఊరి పరిస్థితి చెప్పనలవి కాదు. కోసిన పంది కోసినట్టే ఉంది. ఒక పెళ్ళికి పెళ్ళివారు తప్ప ఎవరూ రాలేదు. నీళ్ళ ట్యాంకరు వచ్చి, ఎవరికీ తెలియక, నిండుగానే వెనక్కి పోయింది. జనానికి ఇప్పుడు కోపం వచ్చింది. అయితే అది రుతీలియో మీద కాదు, నా మీద. బతికి ఉన్నవాడివి ఆ మాత్రం కాగితం తెచ్చుకోలేవా అంటున్నారు.

నీకు ఆలస్యమవుతోందని తెలుసు. నాకు నిద్ర పట్టడం లేదు. ఒక ఆలోచన వచ్చింది. నవంబరులో పోయినవాళ్ళ పండగ వస్తుంది కదా. పుస్తకం ప్రకారం నేనూ పోయినవాణ్ణే. పోయినవాళ్ళకి పూలతో, ఇష్టమైన తిండితో పీఠం పెట్టే మర్యాద నాకూ దక్కాలి. మునిసిపల్ ఆఫీసు గుమ్మానికి ఎదురుగా నా పీఠం నేనే పెట్టుకుంటాను.

మీ మావయ్య

* * *

చికాగో, 10 నవంబరు 2012

మావయ్యా,

మీరు చదవరని తెలిసే రాస్తున్నాను. మీకు రాయడం అలవాటైపోయింది.

మీ ఆగస్టు ఉత్తరం తర్వాత ఏమీ రాలేదు. నాలుగో తారీఖున రొట్టెల దుకాణం ఆవిడ తన ఫోనులో ఒక ఫొటో చూపించింది. బంతిపూలు, కొవ్వొత్తులు, మధ్యలో మీ బొమ్మ, కింద మీ పేరు. మీరు పెట్టుకుంటానన్న పీఠమేలే అని నేను ముందు భయపడలేదు. అమ్మ ఊళ్ళో టెలిఫోన్ దుకాణానికి ఫోన్ చేసింది. ఎత్తిన అమ్మాయి, "అవునండీ, ఆఫీసు ముందే పెట్టారు, ఊరంతా వెళ్ళి చూసొచ్చింది, ముఖం ఎంత ప్రశాంతంగా ఉందో" అంది. అమ్మ ఫోన్ పెట్టేసి నేల మీద కూర్చుండిపోయింది.

ఆ మధ్యాహ్నమే సంచీ సర్దుకుంది. అన్నయ్యని చూసి వస్తానంది. వెళితే మళ్ళీ రాలేవమ్మా అన్నాను. తెలుసు అంది. చాలాసేపు సంచీ పట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. తర్వాత బట్టలు ఒక్కొక్కటీ తీసి మళ్ళీ అలమరలో పెట్టింది. నేను సాయం చేయబోతే చేయి తోసేసింది.

గురువారం మా రేడియో గంటలో మీ కోసం చాటింపు వేశాను, మీరు చెప్పినట్టే, జానెడు దూరంలో పట్టుకుని. "అయోతెపెక్ గొంతు ఫిదెన్సియో టెకువాన్వే ఇక లేరు." రెండోసారి చెప్పబోయాను. అప్పుడు తలుపు తెరుచుకుంది. అమ్మ. పని బట్టల్లోనే వచ్చింది, తలకి జాలీ టోపీ ఇంకా తీయలేదు. నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"నా పేరు అంపారో టెకువాన్వే," అంది. "నాకు కాగితాలు లేవు. మా అన్నయ్య పోయాడు, నేను వెళ్ళలేను. మా అమ్మాయి భయం లేదంటుంది. నాకు ఉంది. ఉన్నా చెబుతున్నాను."

మావయ్యా, తర్వాత గంటసేపు ఫోన్లు ఆగలేదు. అందరూ తల్లులే. ఒకావిడ ఏమీ మాట్లాడలేదు, పేరు చెప్పి పెట్టేసింది. ఆ తర్వాతి ఆవిడ కూడా అంతే.

సర్టిఫికెట్టు సంగతి ఇక వదిలేశాను. మిమ్మల్ని ఇంత తిప్పింది నేనే. క్షమించండి.

యారెలి

* * *

అయోతెపెక్, 25 నవంబరు 2012

నా బంగారు తల్లీ,

నా సంతాప లేఖ నేనే అందుకుని చదువుకున్నాను. లూచా వ్యాను దిగి, నన్ను చూసి, ఉత్తరాన్ని వెనక దాచుకుంది. బలవంతాన తీసుకున్నాను. దీన్ని మాత్రం ఎవరికీ చదివి వినిపించలేదు.

నేను బతికే ఉన్నాను. చెల్లెల్ని అంత ఏడిపించినందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలి. సెప్టెంబరులో రాసిన ఉత్తరం వ్యాను పాడై సరిహద్దు దగ్గర ఉండిపోయిందట, ఇప్పుడు తెలిసింది.

జరిగింది విను. ఒకటో తారీఖు పొద్దున ఆఫీసు గుమ్మం ముందు పీఠం కట్టాం. మెట్లు మెట్లుగా బంతిపూలు, మోలె కూర గిన్నె, పంచదార పుర్రెలు. పై మెట్టు మీద కుర్చీ, కుర్చీలో నేను. అట్టతో బొమ్మ చేయడం మాకెవరికీ చేతకాలేదు, అందుకని నేనే బొమ్మనయ్యాను. కదలకూడదని నియమం పెట్టుకున్నాను. ముఖం ప్రశాంతంగా ఉండటానికి కారణం అదే, పైగా రొట్టె తింటున్నాను.

మొదట నవ్వారు. నువ్వు చెప్పావని నేనూ నవ్వాను. తర్వాత ఎలోదియా వచ్చి, ఎలాగూ ఆ వైపు ఉన్నావు కదా, మా ఆయనకి గేటు బాగు చేయించానని చెప్పు అంది. నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆవిడ ఊరికే అంది, కానీ అన్నాక ఏడ్చింది. సాయంత్రానికి గుమ్మం నుంచి చర్చి దాకా వరస. మూడు రోజుల్లో నోట్‌బుక్కు నిండిపోయింది. మనిషి పోయాక కూడా చెప్పాల్సినవి ఎన్ని మిగిలిపోతాయో నాకు తెలియదు, ముప్పై ఏళ్ళు ఈ ఊరికి కబుర్లు చెప్పినవాణ్ణి.

మూడో రోజు చివర్న రుతీలియో వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వాళ్ళావిడ పోయి ఏడాదిన్నర.

"హుస్తినాకి చెప్పు," అన్నాడు. "ఆస్పత్రికి నేను ఆలస్యంగా వచ్చింది రిజిస్టరు పని మీద కాదు. భయం వేసి బయట కూర్చున్నాను. అది చెప్పు."

నేను రాసుకోలేకపోయాను. "రుతీలియో," అన్నాను, "నేను చెప్పలేనయ్యా. నేను అక్కడ లేను. నీ ముందున్నాను."

టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత తాళాలు తీసుకుని లోపలికి వెళ్ళాడు. సెలవురోజున ఆఫీసు తెరవడం నేను అదే చూడటం. రిజిస్టరు బయటికి తెచ్చి, పూల మధ్యలో పెట్టి, నా పేజీ మీదున్న మరణ ముద్రని గీత గీసి కొట్టేసి, పక్కన తన పేరు పెట్టి, తప్పు తనదేనని రాశాడు. తప్పు ఆయనది కాదు, పాత గుమాస్తాది. అయినా రాశాడు.

నేను బతికాను కాబట్టి మా నాన్న పోవాల్సి వచ్చింది. ఆయన మరణాన్ని నేనే సంతకం పెట్టి నమోదు చేయించాను. పంతొమ్మిదేళ్ళ కిందట అంత్యక్రియల హడావుడిలో పడి నేను ఏడవలేదు. ఆ రోజు ఏడ్చాను.

నీ సర్టిఫికెట్టు ఇందులో ఉంది. ఇంటిపేరు మూడుసార్లు సరిచూసుకున్నాను. అంపారోకి ఏం రాయాలో తెలియడం లేదు. నువ్వే చెప్పు.

బతికి ఉన్న
ఫిదెన్సియో

* * *

చికాగో, 10 ఫిబ్రవరి 2013

మావయ్యా,

అమ్మ మిమ్మల్ని మూడు రోజులు తిట్టింది, అందులో రెండు రోజులు ఏడుస్తూ తిట్టింది. తర్వాత రేడియో వాళ్ళు, మరణవార్త తప్పని చెప్పాలి కదా, ఎవరు చెబుతారు అన్నారు. తనే చెబుతానంది. వెళ్ళి కూర్చుని, "మా అన్నయ్య బతికే ఉన్నాడు. నేను చెప్పిన మిగతాదంతా నిజమే" అని లేచి వచ్చేసింది. ఇప్పుడు తల్లుల కోసం ప్రతి గురువారం ఒక పావుగంట ఆవిడదే. నా సమయంలోంచి తీసుకున్నారు.

డిసెంబరులో అర్జీ పంపాను. మొన్న మంగళవారం వేలిముద్రలకి పిలిచారు. ఏమవుతుందో ఇంకా తెలియదు. నియమం పిల్లలుగా వచ్చినవాళ్ళకే కాబట్టి అమ్మకి వర్తించదు. అయినా నాతో వస్తానంది. అది ప్రభుత్వ కార్యాలయం, నువ్వు వీధి అవతలే ఉండు అని ఒట్టు వేయించుకున్నాను.

లోపల నా వేళ్ళు బిగుసుకుపోయి ముద్ర సరిగా పడలేదు. అక్కడి ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఊరికే వదులు, పని నేను చేస్తాను అంది. పదికి పది వేళ్ళూ అయ్యేసరికి అరగంట పట్టింది.

బయటికి వస్తే అమ్మ వీధి అవతల లేదు. ఇవతల, గుమ్మం దగ్గర, గార్డుతో కబుర్లు చెబుతోంది. నేను అటు పరుగెత్తాను. మంచు పడుతోందని అతను, లోపల బల్ల ఉంది, వచ్చి కూర్చోమ్మా అంటున్నాడు.

"ఇవాళ మా అమ్మాయి వంతు నాయనా," అంది అమ్మ. "నా వంతు వచ్చినప్పుడు వస్తాను."

మీ యారెలి